గుర్రప్ప ఏరిన విత్తనాలు

నల్లప్ప తాతకు ఒక అలవాటు ఉండేది. ప్రశ్న అడిగినవాడి చేతులు ఖాళీగా ఉంటే ఆయన నోరు విప్పేవాడు కాడు. వేదాంతం తేల్చుకుందామని బస్సెక్కి వచ్చిన మేష్టర్లు సైతం ముందు చీపురు పట్టాల్సిందే. అందువల్ల పెన్నేటి ఒడ్డున ఉన్న ఆ మఠంలో ప్రశ్నలు తక్కువగానూ, వాకిలి శుభ్రంగానూ ఉండేవి.

ఒక కార్తీకంలో, శుక్రవారం పొద్దున, గుర్రప్ప ఆయన ముందుకొచ్చి కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి. ముప్పై ఏళ్ళు కాగిన ఇసుకలో బియ్యం వేయించి బొరుగులు చేసే బట్టీ నడిపి, ఆరేళ్ళ కిందట దాన్ని మూసేసి మఠంలో చేరాడు. ఇసుక కాగిందో లేదో చూడ్డానికి చెయ్యి పెట్టనక్కరలేదు, వాసనతోనే చెప్పేవాడు. మఠానికి వచ్చాక కూడా వేడితో స్నేహం మానలేదు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం బండ మీద కూర్చుని జపం చేసేవాడు. అతనికేమో గానీ చూసేవాళ్ళకు చెమటలు పట్టేవి.

"తాతా, తపస్సంటే వేడే కదా. అంత వేడిలో పడినాక మనిషిలో చెడు మిగుల్తాదా?" అని అడిగాడు.

ఈ ప్రశ్న వెనక సుంకన్న ఉన్నాడు. సుంకన్న గుర్రప్పకు సొంత తమ్ముడు. అన్న దగ్గరే పని నేర్చుకుని, అదే వీధిలో ఎదురుగా ఇంకో బట్టీ పెట్టాడు. వాడి బొరుగులు నానబెట్టి తాలింపు వేసే ఉగ్గాణికి బాగుంటాయని జనం అటు మళ్ళారు. ఒక సంతరోజు గుర్రప్పకు కడుపు మండి, ఉగ్గాణి అమ్మే ఆమెతో ఒక్క మాట అన్నాడు: "మా వాడు ఇసుక యాడనుంచి తెస్తాడో తెలుసునా? సుడుగాటి రేవునుంచి." పచ్చి అబద్ధం. శవాలు కాల్చే ఆ రేవు ఛాయలకు సుంకన్న ఏనాడూ పోలేదు. ఆమె మరో ఇద్దరికి చెప్పింది. వాళ్ళు ఊరికి చెప్పారు. చెప్పినవాడి పేరు దారిలోనే రాలిపోయింది, మాట మాత్రం నిలిచింది. పాపం సుంకన్న పాత ఇసుక పారబోశాడు. నలుగురూ చూస్తుండగా కొత్తది తెచ్చి పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఎర్రగా కాల్చాడు. ఎంత కాలిస్తే ఏం లాభం? అది ఏ రేవు ఇసుకో ఊరు అప్పటికే తేల్చేసుకుంది. ఇప్పుడు వాడు కంకర క్వారీలో రాళ్ళు కొడుతున్నాడు. అంతకన్నా ఘోరం ఏమిటంటే, ప్రతి సోమవారం టెంకాయ పట్టుకుని మఠానికి వస్తాడు. మా అన్న పుణ్యాత్ముడని కాళ్ళకు మొక్కి పోతాడు.

తాత అతని ఖాళీ చేతులు చూసి, మూలనున్న రెండు మూటలు చూపించాడు. సోమవారం వచ్చేవాళ్ళ చేతిలో వేయించిన వేరుశనగ విత్తనాలు, బెల్లంముక్క పెట్టడం మఠంలో ఆనవాయితీ. రైతులు ఒలిచి ఇచ్చిన విత్తనాలే అవి. ఆ ఏడు కాయ పీకేవేళ వాన పట్టుకుని మూటలు చెమ్మగిల్లాయి. విప్పితే గుప్పుమని బూజు వాసన.

"ఒకటి వేంచుకొని రా," అన్నాడు తాత.

గుర్రప్పకు ప్రాణం లేచొచ్చింది. ఇది తన విద్య. ఇసుక కాచి, మూకుడు మూకుడుగా పోసి, గరిట ఆపకుండా తిప్పి, జల్లెడ పట్టాడు. కమ్మటి వాసన వాకిలి దాటి రోడ్డెక్కింది. మధ్యాహ్నానికి మూట మొత్తం వేయించి, చాటనిండా పోసుకుని తాత ముందు పెట్టాడు.

తాత చేత్తో కలిపి చూశాడు. "బాగుండాయి. బూజు పట్టినవి ఏరు."

"ఏరేదేముంది తాతా? అంత వేడికి బూజు బతుకుతాదా?" అని గుర్రప్ప నవ్వి, గుప్పెడు తీసి నోట్లో వేసుకోబోయాడు. తాత మణికట్టు పట్టుకున్నాడు. ఎనభై ఏళ్ళ చేతికి అంత పట్టు ఉంటుందని గుర్రప్ప అనుకోలేదు.

"నీవు క్షేత్రాలకు పోయినావే పోయినేడు, అప్పుడు ఇట్లాంటివే వేంచి కోళ్ళకేస్తి. పదునైదు దినాల్లో తొమ్మిది కోళ్ళు పాయె. పశువుల డాక్టరు వచ్చి చూసి చెప్పినాడు. వేడికి బూజు సచ్చిపోతాదంట. బూజు కక్కిన విసం మాత్రం వేపుడు వేడికి సావదంట."

గుర్రప్ప గుప్పిట్లోని గింజల్ని వింతగా చూశాడు. నిప్పుకు చేతకాని పని ఒకటుందని ముప్పై ఏళ్ళలో అతనికి ఎవరూ చెప్పలేదు.

"పచ్చివిగా ఉన్నప్పుడు చెడ్డది ఏదో తెలిసేదా?" అని తాత అడిగాడు.

"తెలిసేది తాతా. ముడతలు పడి, నల్లగా, పచ్చపచ్చగా..."

"ఇప్పుడు?"

గుర్రప్ప చాటలోకి చూశాడు. అన్నీ ఒకే రంగులో, ఒకే వాసనతో, చూడముచ్చటగా ఉన్నాయి. అతనికి సిగ్గేసింది.

ఆ మూటనంతా కోళ్ళు కెళ్ళగించలేనంత లోతుగా గొయ్యి తీసి పాతిపెట్టారు. రెండో మూట విప్పి, పచ్చి విత్తనాలు ఎండలో బండ మీద పోసుకుని ఇద్దరూ కూర్చున్నారు.

మొదట గుర్రప్ప విసుక్కున్నాడు. పోనుపోను అతనికి ఆసక్తి పుట్టింది. ముడతలు పడ్డవి, రంగు మారినవి, మొన విరిగినవి వేలికి వాటంతటవే తగలసాగాయి. కొన్ని పైకి నిగనిగలాడేవి. అనుమానమొచ్చి రెండు బద్దలు చేస్తే, మధ్యలో పచ్చటి పొడి కనిపించేది. "ఇది సూడు తాతా, ఎంత దొంగదో!" అని చూపించేవాడు. "అనుమానముంటే అదీ చెడ్డదే, పారెయ్," అనేవాడు తాత. శనివారం గడిచింది. ఆదివారం సాయంత్రానికి మూటలో సగం చెడ్డవిగా పోయి, సగం మంచివి మిగిలాయి. గుర్రప్ప గోళ్ళు నొప్పిపుట్టాయి, నడుం పట్టేసింది. ఈ మూడు రోజులూ జపం సంగతే అతనికి గుర్తుకు రాలేదు.

చివరి చాట ముందు పెట్టుకుని, తల ఎత్తకుండానే అన్నాడు: "తాతా, సుంకన్న మీద ఆ సుడుగాటి ఇసుక మాట... అది నాదే."

తాత వేళ్ళు ఆగలేదు.

"కోపం ఆ వారమే సచ్చిపోయింది తాతా. దేవునిసాక్షి."

"సచ్చిపోయింటాది," అన్నాడు తాత.

గుర్రప్ప కళ్ళు తుడుచుకున్నాడు.

"రేపు వాడొచ్చి నా కాళ్ళకు మొక్కుతాడు. మొక్కకముందే చెప్పల్ల. వానికి చెప్తే సరిపోదు, ఊరికీ చెప్పల్ల. సంతకు పదునాలుగు పల్లెలోళ్ళు వస్తారు. ఎన్ని ఇండ్లని తిరిగేది తాతా? ఎన్ని వాకిండ్లలో నిలబడేది?"

తాత తన చాటలోంచి ఒక ముడతల గింజ తీసి అవతలికి విసిరేశాడు.

"ఈ మూటలో ఎన్ని గింజలుండాయని అడిగినాకనే ఏరేకి కూర్చుంటివా, గుర్రప్పా?"