మాచమ్మ అడిగిన మూడు మాటలు

అనగనగా, ఓడలు గాలినే నమ్ముకుని తిరిగే రోజుల్లో, మొగలిపురమనే రేవుపట్టణం ఒకటి ఉండేది. అక్కడ సూరిసెట్టి అనే వర్తకుడికి పెద్ద అద్దకపుసాల ఉండేది. ఆయన సాలలో అద్దిన ఎర్రబట్టలంటే దీవుల వాళ్ళకు ప్రాణం.

కాలం ఒక్క తీరుగా ఉండదు కదా! దీవుల వాళ్ళు అద్దకం తామే నేర్చుకున్నారు. సెట్టి బట్టలు కొనడానికి ఓడలు రావడం మానేశాయి. ఎంతో ఆలోచించి, చివరికి ఆయన సాల మూసేయాలని నిశ్చయించుకున్నాడు.

సాలలో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళు ముగ్గురు: కొమ్మన్న, దేవన్న, మాచమ్మ. సెట్టి వాళ్ళను ఒక్కొక్కరినే లోపలికి పిలిచాడు. దీపం ముందు ఒక డబ్బు సంచీ పెట్టి, "ఇది తీసుకుని, నా షరతులకు లోబడి 'చెల్లు' అను. దాంతో నీకూ నాకూ లెక్క తీరిపోతుంది" అన్నాడు.

మొదట వెళ్ళినవాడు కొమ్మన్న. అతడు మహా అభిమానవంతుడు. "పని లేదు పొమ్మని, పైగా భిక్ష వేస్తారా? నాకేం అక్కర్లేదు!" అని సంచీ ముట్టకుండా విసవిసా బయటికి వచ్చేశాడు.

తర్వాత దేవన్న వెళ్ళాడు. అతడు వెన్నలాంటి మనిషి. సంచీ చూడగానే కళ్ళనీళ్ళు పెట్టుకుని, "చెల్లు సెట్టిగారూ, చెల్లు!" అనేశాడు.

వాకిట్లో మాచమ్మ అతణ్ణి ఆపింది. "అన్నా, అది దేనికిచ్చారు? షరతులేమిటి?"

"అవన్నీ ఎవరడుగుతారమ్మా? ఇచ్చిందే పదివేలు!" అన్నాడు దేవన్న.

మాచమ్మ లోపలికి వెళ్ళి దణ్ణం పెట్టి నిలబడింది. సంచీ వైపు చెయ్యి చాపలేదు.

"సెట్టిగారూ, కోపగించకండి. తెలియక అడుగుతున్నాను. ఇందులో ఏముంది?"

"ఈ నెల నీ కూలి ఉంది. దానిపైన మరికొంత ఉంది."

"కూలి నేను చేసిన పనికి కదండీ? 'చెల్లు' అన్నా అనకపోయినా అది నాదే కదా?"

సెట్టి సంచీలోంచి కూలి తీసి వేరుగా పెట్టాడు. సంచీ బాగా చిక్కిపోయింది.

"మరి ఈ మిగిలింది దేనికండీ?"

"మా నాయన ఇచ్చేవాడు. ఉన్నట్టుండి పని పోయినవాళ్ళకు, మరో పని దొరికేదాకా పొయ్యి ఆరకూడదనేవాడు. ఎన్నేళ్ళు చేస్తే అంతకు తగినట్టు ఇచ్చేవాడు."

"అయితే ఇది భిక్షా కాదు, బహుమానమూ కాదు. దారిబత్తెం అన్నమాట" అంది మాచమ్మ. "చివరగా ఒక్కటి. 'చెల్లు' అంటే నేను వదులుకునేదేమిటి?"

"ఈ ఊళ్ళో మరెవరికీ అద్దకం చేయకూడదు. నా ఎరుపు రహస్యం బయటికి పోతే ఎలా?"

మాచమ్మకు వచ్చిన విద్య అదొక్కటే!

"చేతులు కట్టేసి బత్తెం ఇస్తే, బత్తెం అయ్యాక ఏం తినాలండీ? మీ ఎరుపు గుట్టు ఎవరికీ చెప్పనని ఒట్టు వేస్తాను. కానీ నీలం అద్దకం మా అమ్మ నేర్పింది. అది నేను వదులుకోలేను."

"ఇస్తే పుచ్చుకోక ఇన్ని ప్రశ్నలా? తీసుకుంటే తీసుకో, లేకుంటే లేదు!" అని సెట్టి కసిరాడు.

"'చెల్లు' అన్న మాట వెనక్కి రాదు కదండీ. రేపటిదాకా ఆలోచించుకోనివ్వండి" అని, తన కూలి మాత్రం కొంగున కట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళిపోయింది. దారి పొడవునా భయమే. ఉన్నది కూడా పోగొట్టుకున్నానా అని.

మర్నాడు సెట్టే ముగ్గురినీ పిలిపించాడు. ఆయన ముఖం తేటగా ఉంది.

"నష్టం వచ్చేసరికి నా మనసు ఇరుకైపోయింది మాచమ్మా. నిన్న సంచీలో బత్తెం తగ్గించి పెట్టాను. ఇప్పుడు మా నాయన ఇచ్చినట్టే, ఏళ్ళను బట్టి ఇస్తాను. ఎరుపు నాది, నీలం నీది. సరేనా?"

"చెల్లు!" అంది మాచమ్మ నవ్వుతూ. వెంటనే, "మరి వీళ్ళిద్దరికో?" అని అడిగింది.

సెట్టి కొమ్మన్నకు కూలీ, బత్తెమూ ఇవ్వబోతే అతడు తల వంచుకున్నాడు. అది భిక్ష కాదని, ఏళ్ళ చాకిరికి తగిన బత్తెమని తెలిసి, రెండు చేతులా అందుకున్నాడు.

దేవన్నతో సెట్టి, "నువ్వు అడక్కుండానే చెల్లు అన్నావు. సంచీలోని కూలి ఎలాగూ నీదే. అయినా ఎరుపు తప్ప మిగతా అద్దకం మీద కట్టడి తీసేస్తున్నాను. పైబత్తెం మాత్రం నిన్న ఒప్పుకున్నంతే" అన్నాడు. దేవన్న అంతకే పొంగిపోయాడు. కానీ ఆ తర్వాత జీవితంలో ఎన్నడూ అడగకుండా 'చెల్లు' అనలేదు.

మాచమ్మ బత్తెంతో ఏటి ఒడ్డున నీలిబానలు పెట్టుకుంది. దేవన్న ఆమెకు తోడయ్యాడు. కొమ్మన్న పొరుగూళ్ళ సంతలకు బట్టలు మోసుకుపోయి అమ్మాడు. బత్తెం అయిపోకముందే మూడిళ్ళ పొయ్యిలూ సొంత సంపాదనతో వెలిగాయి. ఎండ కాసిన రోజున ఏటి ఒడ్డంతా నీలిచీరలు రెపరెపలాడుతుంటే, చూడవచ్చిన సెట్టి కూడా "భేష్!" అన్నాడు.

నీతి: పని పోయినప్పుడు చేతికిచ్చేదాన్ని కోపంతో తోసేయకు, సంబరంతో తలూపకు; ఏది నీదో, ఏది వదులుకుంటున్నావో అడిగి తెలుసుకున్నాకే 'చెల్లు' అను.