పంపు దగ్గర రేకు గ్లాసు

వందేళ్ల కిందట అమెరికాలో, కాన్సాస్ గోధుమచేల నడుమ ఉన్న ఒక చిన్న ఊళ్లో, అబ్నర్ అనే రేకు పనివాడు ఉండేవాడు. చేతిపని ఎంత నాజూకో, మనిషి అంత మొండి.

ఆ ఊరి బడి ముందు ఒక చేతిపంపు ఉండేది. దానికి గొలుసుతో ఒక రేకు గ్లాసు వేలాడుతుండేది. బడి కట్టినప్పుడు అబ్నర్ తండ్రి చేసి తగిలించిన గ్లాసు అది. షావుకారు పిల్లలూ, కూలివాళ్ల పిల్లలూ ఆ ఒక్క గ్లాసుతోనే నీళ్లు తాగేవారు. ఒకప్పుడు మన ఊళ్లలో కొన్ని కులాలవాళ్లకు గ్లాసు ఇవ్వకుండా దోసిట్లో ఎత్తి పోసేవారు. అందుకే అబ్నర్ ఆ గ్లాసును చూసి గర్వపడేవాడంటే నాకు తప్పుగా తోచదు.

ఆ ఏడు కోరా అనే కొత్త పంతులమ్మ వచ్చింది. "ఒకరి ఎంగిలి ఒకరు తాగితే జబ్బులు అంటుకుంటాయి. రేపటినుంచి ఎవరి గ్లాసు వాళ్లు తెచ్చుకోండి" అంది.

మర్నాడు షావుకారు కొడుకు వెండి గ్లాసు తెచ్చాడు. కూలివాళ్ల పిల్ల మాగీ సొట్టపోయిన పాత డబ్బా తెచ్చింది.

"మీ పంది దేంట్లో తాగుతోందే ఇవాళ?" అన్నాడు షావుకారు కొడుకు. అందరూ నవ్వారు. మాగీ ఆ పూట నీళ్లే ముట్టలేదు.

అబ్నర్ మనవరాలు నెల్ ఈ సంగతి ఇంట్లో చెప్పింది. తల్లిలేని ఆ పిల్లను తాతే పెంచాడు. ఆయన రుసరుసలాడుతూ బడికి వచ్చాడు.

"ఏం పంతులమ్మా, మా నాన్న తగిలించిన గ్లాసు నీకు చేదయిందా?"

"గ్లాసు మీద నాకేం కోపం లేదు అబ్నర్ గారూ. ఎంగిలితోనే నా బాధ."

"ఇన్నేళ్లూ తాగాం. ఎవరం చచ్చాం?"

"చచ్చినవాళ్లు ఎందుకు చచ్చారో అప్పట్లో ఎవరికీ తెలియదు" అంది కోరా మెల్లగా.

అబ్నర్‌కు ముందురోజు నుంచీ గొంతు నొప్పిగా ఉంది. చలిగాలికి వచ్చిందిలే అనుకున్నాడు. పిల్లలందరి ఎదుటా పంపు కొట్టి, గ్లాసు నింపి, సగం తాగి, మిగతా సగం నెల్ చేతికిచ్చాడు. నెల్ పంతులమ్మ వైపు చూసింది.

"తాగవే. ఆవిడ మొహంలో ఏముంది?"

నెల్ తాగింది. మాగీ గబగబా వచ్చి అదే గ్లాసు అందుకుంది. ఆ డబ్బా తప్పినందుకు ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. కోరా వచ్చి గ్లాసు లాక్కునేసరికే అది ఖాళీ అయింది.

వారం తిరక్కుండానే నెల్‌కు జ్వరం వచ్చింది. మెడ వాచింది. డాక్టరు నోరు తెరిపించి చూశాడు. గొంతులో తెల్లటి పొర కట్టి ఉంది.

"కంఠసర్పి, అదే డిఫ్తీరియా. ఈ పొర పెరిగితే ఊపిరి ఆడదు. సూదిమందుకు ఇప్పుడే పట్నానికి తంతి కొడతాను, సాయంత్రం రైలుకు రావాలి" అన్నాడు. తరవాత, "ఇంట్లో ఇంకెవరికైనా గొంతు నొప్పి చేసిందా?" అని అడిగాడు.

అబ్నర్ తన గొంతు తడుముకున్నాడు. "నాకు" అన్నాడు.

"పెద్దవాళ్లకు ఒక్కోసారి తేలిగ్గా పోతుంది. పిల్లల్ని అంత తేలిగ్గా వదలదు. మీ ఎంగిలి ఇంకెవరైనా తాగారా?"

అబ్నర్ టోపీ కూడా పెట్టుకోకుండా మాగీ ఇంటికి పరుగెత్తాడు. "అమ్మా, నీ పిల్ల గొంతు చూడు. తప్పు నాది" అన్నాడు. మాగీకి అప్పుడే ఒళ్లు కాలుతోంది. దాని తల్లి ఆయన్ని తిట్టలేదు. "ఆ గ్లాసు దగ్గరే మా పిల్లకు మర్యాద దొరుకుతుందనుకున్నాను" అంది. తిట్టినా బాగుండు అనిపించింది ఆయనకు.

డాక్టరు మాగీని కూడా నెల్ పక్క మంచం మీద పడుకోబెట్టించాడు. రైలు రావలసిన వేళకు రాలేదు. నెల్ ఊపిరి రంపం లాగినట్టు వినిపిస్తోంది. అది వినిపిస్తే భయం, ఆగితే ఇంకా భయం. కోరా వచ్చి నీళ్లు కాచి ఆవిరి పట్టింది. నేను చెప్పలేదా అంటుందేమోనని అబ్నర్ తల వంచుకున్నాడు. ఆవిడ ఆ మాట అనలేదు. "పొయ్యిలో కట్టెలు వేయండి" అంది, అంతే.

చీకటి పడే వేళకు రైలు కూత వినిపించింది. ఇద్దరికీ సూది వేశారు. రెండో నాటికి ఊపిరి మెత్తబడింది. నెల్ కళ్లు తెరిచి నీళ్లడిగింది. అబ్నర్ గ్లాసు అందించాడు. ఆ పిల్ల అందుకోలేదు.

"తాతా, ఇది నువ్వు తాగిందా?"

"కాదు తల్లీ" అన్నాడు అబ్నర్.

పిల్లలు కోలుకున్నాక ఆయన పంపు దగ్గర గొలుసు విప్పి, తండ్రి చేసిన గ్లాసును ఇంటికి తెచ్చాడు. దాన్ని కొలతగా పెట్టుకుని బడిపిల్లలందరికీ తలా ఒక గ్లాసు చేశాడు. అన్నీ ఒకే ఎత్తు, ఒకే అంచు. షావుకారు కొడుకు వెండి గ్లాసు ఇంట్లోనే ఉండిపోయింది.

"ఒకే రకం గ్లాసులుంటే బాగుండునన్న ఆలోచన నాకు రాలేదు. ఆ డబ్బా చూశాకైనా రావలసింది" అంది కోరా.

"నువ్వు చెప్పింది మాత్రం నేను చెవిన పెట్టానా?" అన్నాడు అబ్నర్.

మాగీ తన గ్లాసుతో, నెల్ తన గ్లాసుతో, పంపు దగ్గర పక్కపక్కన నిలబడి నీళ్లు తాగారు.

నీతి: పెద్దలు ఏ మంచి కోరి ఒక ఆచారం పెట్టారో ఆ మంచిని నిలపాలి, ఆ ఆచారమే కీడు చేస్తున్నప్పుడు దాని తీరు మార్చడానికి మొండికేయకూడదు.