చౌడమ్మ పడుగు

ఒక రాజుకి సభామంటపం కట్టాలనిపించింది. సాలెవాళ్ల వీధి చివరున్న ఖాళీ జాగా మీద కన్నుపడింది. ముగ్గురు పండితులు మధ్యాహ్నం పోయి చూసొచ్చారు. కొలతలాయన తాడేసి ఇరవై బారలన్నాడు. వాస్తు చూసేవాడు దిక్కు మంచిదన్నాడు. తర్కం చదివినాయన, "ఏమీ లేని చోటు ఎవరిదీ కాదు, అందుకని రాజుగారిదే" అని తేల్చాడు. మర్నాడే కంచె వేశారు.

రోజూ తెల్లారి అక్కడే పడుగు దారాలు సాగదీసుకునే చౌడమ్మకి మగ్గం తప్ప బతుకుతెరువు లేదు. పండక్కి రాజు పంచె నేయమంటే నేసి తెచ్చింది. కట్టుకోబోతే నడుం చుట్టూ ఒక్క చుట్టు కూడా రాలేదు.

"ఏంటమ్మా, వేళాకోళమా?"

"కాదు దొరా. దారం ఎంత దూరం సాగితే బట్ట అంత పొడుగు. వీధిలో కంచె ఉంది. ఇంట్లో గడపకీ పొయ్యికీ మధ్య రెండు మూరలే."

"ఆ చోట ఏమీ లేదన్నారే వీళ్లు?"

"అబద్ధం కాదు దొరా. మధ్యాహ్నం అక్కడేమీ ఉండదు."

రాజు పంచె మడిచి పక్కన పెట్టాడు. "రేపు తెల్లారి నేనే వచ్చి చూస్తాను."

"కంచె తీయించి రండి దొరా. లేకపోతే మీకూ ఖాళీయే కనపడుద్ది."

ఆ సాయంత్రమే కంచె తీశారు.