అడగడం నేర్చిన చిలుక

అనగనగా చంపకపురికి ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. చిన్నవాడు విజయకేతుడి నోరు ఊరుకునేది కాదు. "నక్క ఎందుకు ఊళ వేస్తుంది? నీళ్లకు రంగెందుకు లేదు?" అంటూ అందరి ప్రాణాలూ తోడేసేవాడు.

ఒకనాడు కరాళుడనే మాంత్రికుడు వచ్చి రాజుకు ఇత్తడి బొమ్మ ఒకటి ఇచ్చాడు. ఏది అడిగినా చెబుతుంది, చెప్పింది చెప్పినట్టు జరుగుతుంది. ఇంకేం, జనం ఎగబడ్డారు. బిడ్డ ఎందుకేడుస్తోందో తల్లులు బొమ్మనే అడిగారు. ఎప్పుడు విత్తాలో రైతులు బొమ్మనే అడిగారు. పిడికెడు మట్టి పట్టి పదును చూడడం మానేశారు.

కొన్నేళ్లకు తొలకరి వేళ బొమ్మ మూగబోయింది. "రాజ్యం నాకిస్తేనే పలుకుతుంది" అన్నాడు మాంత్రికుడు. సొంతంగా విత్తే ధైర్యం ఒక్కరికీ లేదు. అదను దాటితే ఊళ్లన్నీ పస్తే!

బొమ్మ గుట్టు తెలుసుకు రమ్మని రాజు పెద్దవాణ్ణి పంపాడు, రాలేదు. రెండోవాణ్ణి పంపాడు, రాలేదు. మూడోసారి విజయకేతుడు బయలుదేరాడు. సముద్రపు ఒడ్డున ముసలి తాబేలు కనిపిస్తే, "తాతా, నీ వీపు మీద ఆ గీతలెందుకు?" అన్నాడు.

"ఇన్నేళ్లకు నన్నొకడు పలకరించాడురా మనవడా!" అని తాబేలు మురిసిపోయింది. వీపున ఎక్కించుకుని ఏడు సముద్రాలు దాటించింది. బొమ్మ పలికేవన్నీ అవతలి దీవిలోని చిలుక పలుకులేనని దారిలో చెప్పింది.

దీవిలో మాంత్రికుడు చెరబట్టిన రాజకుమారి మందారవల్లి ఎదురొచ్చి, జామపండు చేతిలో పెట్టింది. "చిలుక ఎదుట నిలబడి ఏదీ అడగకండి, రాయైపోతారు. చిలుక చెప్పాలే గానీ ఎవరినీ అడగకూడదని మాంత్రికుడు కట్టు వేశాడు. వాడి ప్రాణం ఆ కట్టులోనే ఉంది" అంది.

అడగకుండా ఉండడమా! విజయకేతుడికి అంతకన్నా కష్టమేముంది? పంజరం ముందు అన్నలిద్దరూ రాళ్లై నిలబడి ఉన్నారు.

"అడుగు నాయనా, ఏదైనా చెబుతాను" అంది చిలుక.

నాలుక దురద పెట్టింది. గబుక్కున జామపండు కొరికి, కళ్లు మూసుకుని చప్పరించాడు.

"జామలో గింజలెన్నో నాకు తెలుసు" అంది చిలుక. అతను మళ్లీ కొరికాడు.

"ఏ ఊళ్లో ఏ చెట్టు కాయ తీపో కూడా తెలుసు" అంది. అతను మూడోసారి కొరికాడు.

చిలుక మెడ సాచింది. "అబ్బాయీ, తింటే ఎలా ఉంటుంది?"

అంతే! పంజరం పగిలింది, మాంత్రికుడు బూడిదయ్యాడు, అన్నలు ఆవులిస్తూ లేచారు. మిగిలిన పండు విజయకేతుడు చిలుకకే పెట్టాడు. పాపం, మొదటి ముక్కకే దాని కళ్లలో నీళ్లు తిరిగాయి.

చిలుకను వెంటబెట్టుకుని అందరూ తాబేలు వీపున ఇల్లు చేరేసరికి అదను ఇంకా దాటలేదు. రైతులు పరుగున వచ్చి, "చిలుకమ్మా, ఎప్పుడు విత్తమంటావు?" అన్నారు.

"మట్టి పట్టి చూడండి. ఎలా ఉంది?"

"ముద్దవుతోంది, వేలితో తాకితే విడిపోతోంది" అన్నాడొకడు.

"మరి నీకేమనిపిస్తోంది?"

వాడు చేతిలోని మట్టిని చాలాసేపు చూసుకున్నాడు. "విత్తొచ్చు!" అని అరిచాడు. ఆ ఏడు గాదెలు చాలలేదు.

అన్నలే ముచ్చటపడి తమ్ముడికి పట్టం కట్టారు. మందారవల్లిని పెళ్లాడి అతను తల నెరిసేదాకా చల్లగా ఏలాడు. పెళ్లిపందిట్లో చిలుక పురోహితుడి భుజమెక్కి, "తాళికి మూడు ముళ్లే ఎందుకు?" అని అడిగిందట. ఆయన చెప్పినకొద్దీ అది అడుగుతూనే ఉంది, పక్కన పెళ్లికొడుకూ అడుగుతూనే ఉన్నాడు!