రాజుగారి అరుగుకి దడి

మా ఇంట్లో తెలివికి కొదవ లేదు. ఈ మాట నేను గొప్పకి చెప్పడం లేదు, మా నాన్న రోజూ చెబుతుంటే విని చెబుతున్నాను. వానాకాలం వస్తే వీధిలో అందరూ గొడుగులు తడుపుకుంటూ తిరుగుతారు. మేం అలా చెయ్యం. గొడుగుని చొక్కాలో దాచి మేం తడుస్తాం. ఒళ్ళయితే తుడుచుకోవచ్చు, గొడుగు బట్ట చివికితే ఎవరిస్తారు? కరెంటు పోయినప్పుడు మా అన్నయ్య అబ్బులు టార్చిలైటు వేసి బల్బు వంకే చూస్తూ కూర్చుంటాడు, కరెంటు వస్తే చీకట్లో తెలియదేమోనని. ఇంత ముందుచూపు ఎంతమందికి ఉంటుంది చెప్పండి.

మా అమ్మ మాణిక్యమ్మకి మాత్రం మా తెలివంటే పడదు. ఆవిడది వేరే ఊరు లెండి.

అమ్మకో రహస్యం ఉంది. మేం పుట్టకముందు టైఫాయిడ్ వచ్చి ఆవిడ జుట్టంతా ఊడిపోయిందట. మళ్ళీ వచ్చింది గానీ పిలకంతే వచ్చింది. అప్పట్నుంచీ సవరం పెట్టుకుంటుంది. సవరం కలిపి అల్లితే జడ నడుం దాటి వేలాడుతుంది. పేరంటానికి వెళ్తే చాలు, ఆడవాళ్ళు చుట్టూ చేరి "ఏం నూనె రాస్తావు వదినా?" అని అడుగుతారు. అమ్మ నవ్వి ఊరుకుంటుంది. నగలు లేవు, పట్టుచీరలు లేవు, ఆ జడ ఒక్కటే ఆవిడ దర్జా. అది తనది కాదని తెలిస్తే వీధిలో మొహం ఎత్తుకు తిరగలేనని, ఎవరికీ చెప్పొద్దని నాన్న చేతా మా ఇద్దరి చేతా ఒట్టు వేయించుకుంది.

ఇన్నాళ్ళూ ఏ బెంగా లేదు. పక్కింటి తమ్మిరాజుగారి దొడ్డికీ మా పెరడుకీ మధ్య గోరింట కంచె ఉండేది. మనిషెత్తు, దట్టంగా. దాని చాటున అమ్మ సవరాన్ని కుంకుడుకాయ రసంతో రుద్ది, దండెం మీద ఆరేసుకునేది. అది ఆరేదాకా తలకి తువ్వాలు చుట్టుకుని తిరిగేది.

ఈ శ్రావణంలో రాజుగారికి గులాబీల మీద మనసైంది. గోరింట నీడకి గులాబీలు ఎదగవని ఎవరో చెప్పారట. ఇంకేముంది, ఓ పొద్దున్న మేం లేచేసరికి కంచె లేదు. రాజుగారు వాళ్ళ పెరటి అరుగు మీద వాలుకుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు. ఆ అరుగు మీంచి చూస్తే మా పెరడే కాదు, మా వంటింట్లో ఉడికే కూర కూడా కనపడుతుంది. "ఏం తాతారావుగారూ, ఇవాళ బీరకాయా?" అని ఆయన నాన్నని పలకరించారు కూడా.

అమ్మకి బెంగ పట్టుకుంది. వచ్చే శుక్రవారం రాజుగారింట్లోనే పేరంటం. వీధి వీధంతా వస్తారు. ఆ పొద్దున్నే సవరం తోమి ఆరేసుకోవాలి. ఇంట్లో ఆరేస్తే ముక్కిపోయిన వాసనొస్తుంది. ఆరుబయట ఆరేస్తే రాజుగారు చూస్తారు. ఆవిడ తువ్వాలు అంచుతో కళ్ళు ఒత్తుకుంది. అమ్మ ఏడిస్తే మేం చూడలేం. ఆ మాటకొస్తే అమ్మ లేకపోతే మాకు అన్నం ఎటునుంచి తినాలో కూడా తెలియదు.

"ఆయన ఇటు చూస్తారేమో, కాస్త ఓ కన్నేసి ఉంచండి" అంది.

అంతే. మేం ముగ్గురం సరిహద్దు మీద వరసగా నిలబడ్డాం. ఓ కన్నే వెయ్యమంది కాబట్టి రెండోది మూసుకున్నాం. నాన్న ఎడమది మూశాడు, మేం కుడివి మూశాం. చూసి చూసి కన్ను అలిసిపోతే ఇది మూసి అది తెరిచేవాళ్ళం. ఇంతలో రాజుగారి భార్య సత్యవేణిగారు పప్పు ఎండబోయడానికి చాటతో బయటికొచ్చారు. ముగ్గురు మగాళ్ళు వరసగా నిలబడి కన్ను కొడుతున్నారు. ఆవిడ చాట అక్కడే పడేసి లోపలికి పరిగెత్తారు.

రాజుగారు కర్ర పట్టుకుని వచ్చారు. "ఏంటండీ ఇది తాతారావుగారూ? ఈ వయసులో, అదీ పిల్లల్ని పక్కనెట్టుకుని?"

"మీరు మా వైపు చూస్తున్నారేమోనని చూస్తున్నామండి" అన్నాడు నాన్న.

"నేను చూడట్లేదు కదండీ. మీరే కదా మా వైపు చూస్తున్నారు."

"మేం చూడకపోతే మీరు చూడట్లేదని మాకెలా తెలుస్తుందండి?"

రాజుగారు మంచి మనిషి. కర్ర కింద పెట్టారు. "మీకు చాటు లేక ఇబ్బందైతే ఆ మాటే చెప్పొచ్చుగా. అడ్డంగా ఓ దుప్పటి కట్టుకోండి ముందు" అన్నారు.

కట్టుకున్నాం. మంచి దుప్పటి, అమ్మ పుట్టింటివాళ్ళు పెట్టింది. కట్టాక అబ్బులు అన్నయ్యకి ధర్మసందేహం వచ్చింది. "నాన్నా, ఇప్పుడు కన్నెలా వేస్తాం?" నిజమే కదా. కత్తెర తెచ్చి ఎవరి ఎత్తుకి వాళ్ళం కంటికో చిల్లు చేసుకున్నాం. అప్పుడు బాగా కనపడింది. సాయంత్రానికి అవతలి నుంచి కూడా బాగా కనపడుతోందని సత్యవేణిగారు అరిచి చెప్పారు.

అమ్మ ఆ దుప్పటి చూసి తల కొట్టుకుంది. తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టి, చిన్నపిల్లలకి చెప్పినట్టు విడమరిచి చెప్పింది. "చూడండి. రాజుగారు కూర్చునేది అరుగు మీద. ఆ అరుగు మీంచి మన పెరడు కనపడకూడదు. అందుకు దడి కట్టండి. కొబ్బరాకుల దడి. తెలిసిందా?"

తెలిసింది. ఇంత తేలిగ్గా చెబితే ఎందుకు తెలియదు? కొబ్బరాకులు తెచ్చాం, వెదురు కర్రలు తెచ్చాం. తీరా చూస్తే మా పెరడు పొడుక్కి ఆకులు చాలవు. అప్పుడు నాన్న తన అరచెయ్యి కంటికి ఆనించుకుని అటూ ఇటూ చూశాడు. చెయ్యి తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"ఒరే అబ్బాయిలూ, చెయ్యి దూరంగా పెడితే వేపచెట్టు కనపడుతోంది. కంటికి ఆనిస్తే ఊరే కనపడట్లేదు. దడి కూడా అంతే. చూసేవాడి కంటికి ఎంత దగ్గరగా కడితే అంత తక్కువ ఆకు పడుతుంది."

నాకు ఒళ్ళు పులకరించింది. ఇలాంటి తండ్రి కడుపున పుట్టినందుకు ఆ రోజు నిజంగా గర్వపడ్డాను. రాజుగారూ సత్యవేణిగారూ ఏదో పెళ్ళికని పొరుగూరు వెళ్ళారు. ఇదే అదనని వాళ్ళ అరుగు చుట్టూ చూరు నుంచి నేల దాకా దడి కట్టేశాం. చీమ దూరడానికి సందు లేదు. ఆకులు ఇంకా మిగిలాయి. మిగిలినవి ఎందుకు పారెయ్యాలని వాళ్ళ పెరటి తలుపుకి కూడా కట్టేశాం. పైగా లోపలున్న వాలుకుర్చీని మా ఇంటికేసి వీపు వచ్చేలా తిప్పి పెట్టాం.

పెళ్ళినుంచి వచ్చిన రాజుగారికి వాళ్ళ అరుగు కనపడలేదు. దొడ్డంతా రెండుసార్లు తిరిగారు. ఎవరింటికొచ్చామండీ అని సత్యవేణిగారు ఆయన్నే అడిగారు. వీధి వీధంతా చూడ్డానికి వచ్చింది. దడి పీకుతుంటే నలుగురూ నాలుగు మాటలు అన్నారు. "ఇంత కట్టుదిట్టం చేస్తున్నారంటే ఆ పెరట్లో ఏదో ఉంది" అన్నారొకరు. "లంకెబిందెలేమో" అన్నారు ఇంకొకరు. అప్పటిదాకా మా పెరటి మొహం చూడనివాళ్ళు కూడా మెడలు సాచి చూడ్డం మొదలుపెట్టారు.

ఆ రాత్రి అమ్మ అన్నం తినలేదు. "నాకు పేరంటం వద్దు, ఏం వద్దు. ఒంట్లో బాగాలేదని చెప్పేస్తాను" అంది. నాకు చాలా బాధేసింది. మా తెలివి మా అమ్మకి ఎందుకు ఉపయోగపడట్లేదో ఎంత ఆలోచించినా అర్థం కాలేదు.

కానీ రాజుగారు మంచి మనిషని చెప్పాను కదా. తెల్లారి ఆయనే వచ్చారు. "చెల్లెమ్మా, ఆడవాళ్ళు మసిలే చోటు, కంచె తీసేముందు ఓ మాట అడగాల్సింది. తప్పు నాది" అని, మనుషుల్ని పెట్టించి సరిహద్దు పొడుగునా దిట్టంగా దడి కట్టించారు. దాని వెంట కొత్తగా గోరింట కొమ్మలు కూడా నాటించారు. "ఇందులో మాత్రం మీరు చెయ్యి పెట్టకండి తాతారావుగారూ" అని దణ్ణం పెట్టి మరీ వెళ్ళారు.

అమ్మ మొహం విచ్చుకుంది. శుక్రవారం పొద్దున్నే సవరం తోమి, దడి చాటున దండెం మీద ఆరేసింది. పట్టులాంటి నేతచీర తీసి మంచం మీద పెట్టుకుంది. సాయంత్రమైనా ముసురుకి సవరం ఇంకా చెమ్మగానే ఉంది. అవతల పేరంటాళ్ళు వస్తున్న సందడి వినపడుతోంది.

"ఆ అరుగు మీంచి నిజంగా కనపడట్లేదు కదా? ఒక్కసారి చూసి రండి" అంది అమ్మ, తలకి తువ్వాలు బిగించుకుంటూ.

మేం వెళ్ళి అరుగెక్కి చూశాం. ఏం కనపడలేదు. అయితే నాన్న అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. "మన చూపు మనకి అనుకూలంగానే ఉంటుందిరా. పరాయి కన్ను కావాలి" అన్నాడు. చూస్తే అరుగు నిండా పరాయి కళ్ళే ఉన్నాయి. పసుపు రాయించుకుంటూ ఆడవాళ్ళంతా అక్కడే కూర్చున్నారు. ఇంతమంది మళ్ళీ ఎప్పుడు దొరుకుతారు? నాన్న గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, తల్లులందరూ ఒక్కసారి అటు తిరిగి చూసి చెప్పండి. దడి వెనకాల దండెం మీద మా ఆవిడ సవరం ఉంది. మీకెవరికైనా కనపడుతోందా?"

అందరూ అటు తిరిగారు. ఒకళ్ళూ కనపడుతోందనలేదు. ఒక ముసలమ్మగారు మాత్రం "ఏం ఉందన్నావు నాయనా? నాకు సరిగా వినపడదు" అంది. ఆవిడొక్కతీ తేల్చకపోతే పరీక్ష పూర్తి కాదు. ఇంకేముంది, అన్నయ్య దూకుడుగా వెళ్ళి సవరం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. "ఇదండి మామ్మగారూ. ఇది కనపడుతోందా అని." ఆవిడ దాన్ని నిమిరి నిమిరి చూసి, దడి కేసి తిరిగి, కనపడట్లేదు బాబూ అని నిజమే చెప్పింది. అది ఆవిడ చేతిలోనే ఉంది కదా.

గుండెల మీద చెయ్యేసుకుని ఇంటికొచ్చాం. అమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"ఇంక నీకు బెంగ లేదే" అన్నాడు నాన్న. "వీధి వీధంతా అడిగాం. నీ సవరం ఒక్కరికీ కనపడలేదు."

అమ్మ పెరట్లోకి పరిగెత్తింది. దండెం ఖాళీగా ఉంది. "ఏదండీ సవరం?" అంది.

"ఇంకా చెమ్మ ఆరలేదు. మళ్ళీ ఇక్కడ ఆరేస్తే ఎవరైనా చూస్తారని" అన్నాడు నాన్న, "రాజుగారి అరుగు మీద తాడు కట్టి, పేరంటాళ్ళ మధ్యన ఆరేసి వచ్చాం. దడి అడ్డం ఉంది కదా, మన పెరట్లోంచి ఎంత చూసినా కనపడదు."