పీరమ్మ వీపు

ఏ నవాబు ఏలాడో తెలీదు. ఏ కరువుకు ముందో, ఏ కరువుకు వెనకో తెలీదు. ఇది జరిగిన రోజు మాత్రం గుట్టకోటలో అందరికీ తెలుసు. రజబు నెల ఏడో నాడు, బేస్తవారం, సాయంత్రం అసర్ నమాజుకు పిలుపు వినబడే వేళ.

ఊరందరూ వేణ్ణీళ్లు పోసుకునే హమాంలో అది ఆడవాళ్ల పూట. కింద పొయ్యి మండుతుంటే పైన రాతినేల కాగుతోంది. గుమ్మటం నిండా ఆవిరి. హమాం నడిపే ఇంటి కోడలు జైనాబీ రాగి చెంబులతో నీళ్లు అందిస్తోంది.

వీపులు రుద్దే మనిషి పీరమ్మ. ముసలిది. పెళ్లికూతురి వీపు, బాలింత వీపు, మొగుడు పోయి నాలుగు నెలలు మూలన కూర్చున్న ఇల్లాలి వీపు... ఊళ్లో ఆమె చెయ్యి తగలని వీపు లేదు. అందరూ వెళ్లాక, చల్లారిన నీళ్లు ఒక్కతే పోసుకుని పోయేది.

ఆ రోజు ఆమెకు ఒళ్లంతా అలుపు. ఖాజీగారి భార్యను అడిగింది. "అమ్మా, నా వీపు నాకు అందదు. కాస్త రుద్దుతారా?"

"బాగుందే వరస! ఇంకాసేపటికి కాళ్లూ పట్టమంటావు."

అత్తరు సాహెబు చెల్లెల్ని అడిగింది. "అమ్మా, నా వీపు నాకు అందదు. కాస్త రుద్దుతారా?"

"గోడకేసి రుద్దుకో పీరమ్మా. గేదెలు రుద్దుకోవటంలా?"

అందరూ నవ్వారు. పీరమ్మా నవ్వింది.

చివరికి జైనాబీ దగ్గరికొచ్చింది. "బేటీ, నా వీపు నాకు అందదు. కాస్త రుద్దుతావా?"

జైనాబీకి రుద్దాలనే ఉంది. కానీ మధ్యాహ్నం నుంచీ నిలబడి కాళ్లు పీకుతున్నాయి. ఇంట్లో చంటిది పాలకు ఏడుస్తుంటుంది. "రేపు రుద్దుతా ఖాలా. తప్పకుండా."

"రేపే కానీ తల్లీ. జుమ్మా కదా, మంచిరోజు."

తెల్లారి ఫజర్ నమాజుకు పీరమ్మ లేవలేదు.

పొద్దున హమాం మగవాళ్లది. ఆ పొద్దున ఆ ఇంటివాళ్లు మగవాళ్లను రానివ్వలేదు. వాకిట్లో దుప్పటి తెర కట్టి, పీరమ్మను తెచ్చి వెచ్చటి రాతి మీద పడుకోబెట్టారు. ఆఖరి స్నానానికి, దీనులో చెప్పినట్టే, రేగాకు వేసి నీళ్లు కాచారు. ఒకసారి పోశారు. రెండోసారి పోశారు. మూడోసారి పోశారు. జైనాబీ ఆమెను మెల్లగా పక్కకు ఒత్తిగిలించింది. పీరమ్మ చేతులు బండరాళ్లు. వీపు మాత్రం పసిపిల్లది. ఆ వీపు మీద జైనాబీ చెయ్యి తిరుగుతూనే ఉంది.

"మూడుసార్లూ అయ్యాయి. చాలమ్మా," అంది జైనాబీ పెద్ద మేనత్త.

"ఆ మూడూ దీను చెప్పినవి ఫుఫూ. ఇది నేను చెప్పింది."

ఖాజీగారి భార్య వచ్చి చెంబు అందుకుని, నీళ్లు వంచింది.

ఆ హమాం కూలిపోయి ఎన్నాళ్లయిందో. ఇప్పటికీ గుట్టకోట ఆడవాళ్లు ఎవరింట తలంటుకున్నా, ముందు పక్కనున్నామె వీపు రుద్దుతారు. ఆమె అడిగేదాకా ఉండరు.