నోరు తెరవని కోడెదూడ

కోడెదూడ దొరికిపోయింది. ఆంబోతు వెనకాలే పల్లీ చేలో దూరి, తిన్నదానికంటే తొక్కిందే ఎక్కువ. రెంటినీ తోలుకొచ్చి బందెలదొడ్డిలో పడేశారు. దొంగమేత మేసిన ఏ గొడ్డైనా చివరికి వచ్చి పడేది అక్కడే.

దొడ్డి చూసే అవ్వకి ఓ పద్ధతుంది. ముందు నోరు తెరిపించి పళ్ళు చూస్తుంది. పెద్దపళ్ళొచ్చిన గొడ్డుకి తొడమీద వాత. అది చచ్చేదాకా పోదు, ఎక్కడికెళ్ళినా చూసినోళ్ళు దొంగగొడ్డనే అంటారు. పాలపళ్ళైతే వాత లేదు. తొక్కిన చేను మళ్ళీ పచ్చబడేదాకా రోజూ పొద్దున్నే వెళ్ళి ఆ రైతు గట్టుమీద నిలబడాలి. ఆయన తిట్టేవన్నీ వినాలి, ఆయన పెట్టిందే తినాలి. ఆ తర్వాత ఎవరూ ఆ ఊసెత్తరు.

ఇది వినగానే దూడకి తల కొట్టేసినట్టైంది. గట్టుమీద చంటిదాన్లా నిలబడాలా? మేకపిల్లలు కూడా నవ్వుతాయి. అదే వాతుంటే ఆ బిల్డప్పే వేరు, వీధిలో నడిస్తే కుక్కలు పక్కకి తప్పుకుంటాయి. అందుకే నోరు బిగించేసింది.

"నోరు తెరువు నాయనా," అంది అవ్వ.

"అక్కర్లా. నేను పెద్దోణ్ణే. ఆ వాతేదో పెట్టెయ్," పెదాలు విప్పకుండానే గొణిగింది.

అవ్వ బలవంతం చెయ్యలేదు. తెరవకపోతే పెద్దగొడ్డు కిందే లెక్క, కడ్డీ కాలేదాకా ఆలోచించుకో అని చెప్పి వెళ్ళిపోయింది.

దూడకి కాలు నిలవట్లేదు. ఈ మూలకెళ్తుంది, ఆ మూలకెళ్తుంది, తోకతో ఊరికే గోడని కొడుతుంది.

ముందు ఆంబోతు వంతొచ్చింది. అది గింజుకోలేదు, అరవలేదు, అలవాటైనదాన్లా పక్కకి తిరిగి నిలబడింది. చర్మం కాలిన వాసన దొడ్డంతా నిండిపోయింది.

అప్పుడు చూసింది దూడ. కొత్త వాత పక్కనే పాతదొకటుంది. కొత్తది అరచెయ్యంతే. పాతది చాటంత, గీతలు సాగి వంకర్లు పోయి ఉంది.

"ఇంత పెద్ద కడ్డీ కూడా ఉందా మావా?"

"కడ్డీ ఇదేరా బుడ్డోడా. అప్పుడు నేను నీ అంతే ఉన్నా, నేనూ నోరు తెరవలా. నాతోపాటే అదీ పెరిగింది."

ఆంబోతు గోడవైపు తిరిగిపోయింది.

అవ్వ ఎర్రటి కడ్డీతో వచ్చి ఎదురుగా నిలబడింది. దూడ కాళ్ళు ఇంకా మట్టిని తొక్కుతూనే ఉన్నాయి. పెదాలు మాత్రం విడిపోయాయి.

పాలపళ్ళ సందుల్లో పల్లీ ఆకు ఇంకా అంటుకునే ఉంది.